బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్లయ్యేవాళ్లు చదివే డిగ్రీ) హాస్టల్లో కొత్తవాళ్లు కలిసిపోవడం ఎలా?

ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై, తర్వాత హైదరాబాద్ వచ్చింది. లూథరన్, బాప్టిస్ట్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మెథడిస్ట్ వాళ్లు ఒకే చోట చదివే ఇలాంటి కాలేజీకి వస్తుంటే, మీ సంఘం పద్ధతే పద్ధతి అనే పట్టు కాస్త సడలించండి.

నేను మొదటిసారి సాయంత్రం ప్రార్థన నడిపినప్పుడు కీర్తనను మా ఊరి రాగంలో ఎత్తుకున్నాను. రెండో చరణానికి పాడేది నేనూ, నా రూమ్మేటూ మాత్రమే! పాపం, వాడు కూడా నా మీద జాలితోనే పాడాడు. అందుకే ముందురోజే ఢోలక్ వాయించే అన్నతో కూర్చుని, అందరికీ తెలిసిన రాగం ఏదో అడిగి తెలుసుకోండి.

మెస్‌లో రోజూ ఒకే బల్ల దగ్గర కూర్చోవద్దు. వంట చేసే అక్కకు, వాచ్‌మన్ తాతకు మీరే ముందు వందనాలు చెప్పండి. గిన్నెలు కడిగే వంతు ఎగ్గొట్టకండి, అందరూ గుర్తుపెట్టుకుంటారు.

బస్తీకి పరిచర్యకు వెళ్తే చేతిలో ప్రసంగం కాగితం వద్దు. పిల్లల లెక్కల పుస్తకం తెరవండి, టీ ఇస్తే తాగండి. పెద్దవాళ్లు ఆధార్ కార్డు తిప్పలో, పెన్షన్ గొడవో చెప్పుకుంటారు. ఆ దరఖాస్తు నింపిపెట్టండి. ప్రార్థన చేయమని వాళ్లే అడిగితే అప్పుడు చేయండి, క్లుప్తంగా.