వయసుకు ముందే పెద్దవాడైన పిల్లవాడి కథను చదివే పద్ధతి

కష్టాల వల్ల వయసుకు మించి ఎదిగిపోయిన పిల్లల కథ పాఠంగా వచ్చినప్పుడు, తుఫాన్లు, వరదలు ఎరిగిన కోనసీమ విద్యార్థులు సైతం "కష్టం మనిషిని గొప్పవాణ్ణి చేస్తుంది" అన్న ఒక్క వాక్యంతో సమాధానం ముగించడం చాలాసార్లు చూశాను. దాన్ని ముందే మనసులో పెట్టుకుని చదివితే, ఆ పిల్లవాడు ఏం పోగొట్టుకున్నాడో కంటికి ఆనదు. అందువల్ల మొదటిసారి పెన్సిలు ముట్టకుండా, వీలైతే పైకి చదువుతూ, కథను చివరిదాకా చదవాలి.

రెండోసారి చదివేటప్పుడు ఆ కుటుంబాన్ని దెబ్బతీసిన కష్టం ఎలాంటిదో, దాని నుంచి తేరుకోవడానికి ఎంత కాలం పడుతుందో లెక్క వేయాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చివేసిన తుఫాను నేపథ్యంగా ఒక కథ ఉందనుకుందాం. కోతకు వచ్చిన సార్వా చేను నేలకొరిగితే పోయేది ఒక పంట. అప్పో సప్పో చేసి రెండో పంటకు, అంటే దాళ్వాకు, మళ్లీ నారు పోసుకోవచ్చు. కొబ్బరిచెట్టు కూలితే సంగతి వేరు, ఎందుకంటే దేశవాళీ మొక్క నాటిన తరవాత కాపుకు రావడానికి సుమారు 6, 7 ఏళ్లు పడుతుంది. తోట పోయిననాడు పదేళ్లున్న పిల్లవాడికి కొత్త చెట్టు గెల వేసేనాటికి పదహారో పదిహేడో వస్తాయి. బడిలో గడవవలసిన ఏళ్లన్నీ ఆ మొక్క ఎదిగే ఏళ్లలోనే కలిసిపోతాయి. వాడు పీచుతాడు పేనే పనికి ఎందుకు వెళ్లాడో రచయిత చెప్పకపోయినా ఈ లెక్క చెబుతుంది. అలాగే గోదావరి నడుమ ఉండే లంక గ్రామపు కథలో "మూడో హెచ్చరిక" అన్న వరద మాట కనబడితే, ధవళేశ్వరం ఆనకట్ట వద్ద గోదావరి నీటిమట్టం 17.75 అడుగులకు చేరిందని గ్రహించి, ఆ మాట విన్న తల్లి గొడ్లను విప్పమని ఎవరికి చెప్పిందో చూడాలి.

ఆ తరవాత పిల్లవాడు పెద్దవాడైన చోటును వెతకాలి. అది ఏడుపులోనో ప్రతిజ్ఞలోనో ఉండడం అరుదు. నిన్నటిదాకా "ఒరేయ్ బుడ్డోడా" అని పిలిచిన షావుకారు "ఏమయ్యా, బాకీ సంగతేమిటి?" అని అడిగిన చోట ఉండవచ్చు, తండ్రి కూర్చునే పీటను తల్లి వాడికి వేసి, ముందుగా వాడికే వడ్డించిన చోట ఉండవచ్చు. ఆడపిల్ల కథ అయితే మరింత జాగ్రత్త అవసరం. చెల్లెల్ని చంకనెత్తుకోవడం, పొయ్యి ముట్టించడం ఆమెకు కష్టం రాకముందు నుంచీ ఉన్న పనులే గనుక, మార్పు ఆమె చేసే పనుల్లో కాక అడగడం మానేసిన వాటిలో కనిపిస్తుంది. కనుమనాటి ప్రభల తీర్థానికి వెళ్లి కూడా గాజుల కొట్టు ముందు ఆగని పిల్ల గురించి రచయిత ఒకే వాక్యం రాసి ఉంటే, ఆ వాక్యం కింద గీత గీయాలి.

కథ "నేను" అంటూ సాగితే, ఆ గొంతు పన్నెండేళ్లదో నలభై ఏళ్లదో తేల్చుకోవాలి.

సమాధానం రాసేటప్పుడు "బాధ్యత గలవాడు", "ధైర్యశాలి" వంటి ప్రతి విశేషణానికీ కథలోని ఒక పనినో మాటనో ఆధారంగా చూపాలి. వాడు నేర్చుకున్నది ఎంత నిడివిలో రాస్తే, వదులుకున్నది కూడా అంత నిడివిలో రాయాలి.

ఆ తుఫాను నాటికి బడి వయసులో ఉన్నవారు మీ ఇంట్లో ఉంటే, తీరిక వేళ చూసి నెమ్మదిగా అడగండి. "ఎంత కష్టపడ్డారు?" అని కాక, "అప్పుడు ఏ తరగతి? మళ్లీ బడికి ఎప్పుడు వెళ్లారు?" అని అడగాలి. వారు చెప్పింది విన్న తరవాత కథలోని మొదటి పేజీని మరొకసారి చదవాలి.