"మనసు బాగోలేదు" దగ్గరే ఆగిపోకుండా

"మనసు బాగోలేదు" అనే మాట అబద్ధం కాదు గాని, దానివల్ల ఎదుటివారికీ మనకూ తెలిసేది చాలా తక్కువ. భావాన్ని గుర్తించాలంటే ముందుగా శరీరాన్ని గమనించాలి: దవడలు బిగిశాయా, గొంతుకు ఏదో అడ్డుపడినట్లుందా, కడుపులో తిప్పినట్లుందా? ఆ తరువాత ఈ స్థితి ఏ మాటతో, ఏ సంఘటనతో మొదలైందో వెనక్కి వెళ్లి చూసుకోవాలి.

పేరు పెట్టడమే అసలు కష్టమైన పని. మనం "కోపం" అని సరిపెట్టుకునే చోట తెలుగులో ఎన్నో మాటలున్నాయి. అదేపనిగా మోగే ఫోను తెప్పించేది చిరాకు; మనవాళ్లు వచ్చి బతిమాలాలని లోలోపల ఆశిస్తూ మూతి ముడుచుకుంటే అలక; తిరిగి ఏమీ చేయలేని నిస్సహాయతతో కళ్లలో నీళ్లు తిరిగేలా వచ్చేది ఉక్రోషం. ఊరెళ్లిన అమ్మ కోసం పిల్లవాడు పెట్టుకునేది బెంగ, పరీక్ష ఫలితాల ముందురోజు రాత్రి కలిగేది గుబులు. నాటకం, నాట్యాల గురించిన ప్రాచీన సంస్కృత గ్రంథం నాట్యశాస్త్రం 8 స్థాయిభావాలతో (నిలకడగా ఉండే ప్రధాన భావాలతో) పాటు 33 సంచారిభావాలను (వచ్చిపోయే భావాలను) విడిగా లెక్కించింది. నాట్యం కోసం చేసిన ఆ విభజన మనకూ పనికివస్తుంది, ఎందుకంటే పైకి కనిపించే కోపం కింద చాలాసార్లు సిగ్గో భయమో దాగి ఉంటుంది.

"నన్ను లెక్కచేయలేదనిపిస్తోంది" అన్నది భావం కాదు, ఎదుటివారిపై తీర్పు. "పెళ్లికి పిలవలేదని తెలిసి చిన్నబుచ్చుకున్నాను, ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంది" అంటే భావం, కారణం, తీవ్రత మూడూ తెలుస్తాయి. సరైన మాట వెంటనే దొరకకపోతే రెండు మాటలు కలిపి చెప్పవచ్చు, మరునాడు మార్చుకోవచ్చు.