పాత కంట్రోలర్‌తో మోడల్ రైలు సరిగ్గా నడవట్లేదా? ఇంజిన్ విప్పే ముందు ఇవి చూడండి

రైలు కుదుపుతూ నడిచినా, కంట్రోలర్ (పట్టాలకు కరెంటు పంపి వేగం మార్చే పెట్టె) నాబ్ తిప్పగానే ముందుకు దూకినా అందరి అనుమానం మొదట ఇంజిన్ మీదికే పోతుంది. నేనూ నిక్షేపంలాంటి ఇంజిన్‌ను రెండుసార్లు విప్పి, బ్రష్‌లు మార్చి, మళ్లీ బిగించాను. తప్పంతా కంట్రోలర్‌దే. అలాగని పాత కంట్రోలర్లు చెడ్డవని కాదు. చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ బరువుగా, గట్టిగా, ఇంకో తరం పనిచేసేలా ఉంటుంది. కాకపోతే అవి ఏ మోటార్ల కోసం తయారయ్యాయో, మీ పట్టాల మీద ఇప్పుడు ఏ మోటారు తిరుగుతోందో చూసి ఎంచుకోవాలి.

పరీక్షకు రెండే వస్తువులు కావాలి: ఒక మల్టీమీటరు, కార్లలో వాడే 12 వోల్టుల 5 వాట్ల బల్బు. ఆ బల్బు సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది, అంటే ఒక పాత ఇంజిన్ లాగేటంత.

సమస్య: నాబ్ కాస్త తిప్పగానే ఇంజిన్ పరుగెత్తుతుంది, నెమ్మదిగా నడవనే నడవదు.

ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. కంట్రోలర్ లోపల రియోస్టాట్, అంటే చుట్టిన తీగ మీద జారే కాంటాక్టు, ఉంటే కారణం దాదాపు అదే. ఆ తీగ ఎన్ని వోల్టులు మింగుతుందనేది మోటారు లాగే కరెంటును బట్టి ఉంటుంది. లెక్క చూడండి. కంట్రోలర్ ఇచ్చేది 12 వోల్టులు, తీగ నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. పాత మోటారు 0.5 ఆంపియర్లు లాగితే తీగ 10 వోల్టులు మింగుతుంది, ఇంజిన్‌కు 2 మిగులుతాయి, రైలు పాకుతుంది. కొత్త మోటారు 0.1 ఆంపియరే లాగితే తీగ మింగేది 2 వోల్టులే. మిగతా 10 ఇంజిన్‌కు పోతాయి, ఇక అది ఎందుకు ఆగుతుంది?

పరిష్కారం: ఆ 5 వాట్ల బల్బునే రెండు పట్టాల మధ్య, ఇంజిన్‌కు సమాంతరంగా కలపండి. తీగలో కరెంటు పెరిగి నాబ్ మళ్లీ మాట వింటుంది. కంట్రోలర్ కనీసం 1 ఆంపియర్ ఇవ్వగలిగితేనే ఇలా చేయండి. బల్బు వేడెక్కుతుంది కాబట్టి ప్లాస్టిక్‌కు దూరంగా పెట్టండి. కొత్త ఇంజిన్లే నడుపుతారనుకుంటే మాత్రం రియోస్టాట్ రకం కొనకండి, మోటారు ఎంత కరెంటు లాగినా వోల్టేజీని దాదాపు నిలకడగా ఉంచే ట్రాన్సిస్టర్ కంట్రోలర్ వెతకండి.

సమస్య: మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, పెట్టెలు తగిలించగానే రైలు నీరసపడుతుంది.

లోడు లేకుండా తీసిన రీడింగును నమ్మకండి. బల్బు కలిపి మళ్లీ కొలవండి. 12 కాస్తా 8కి పడిపోతే సెలీనియం రెక్టిఫైయర్‌ను, అంటే ఏసీని డీసీగా మార్చే పాతకాలపు భాగాన్ని, అనుమానించాలి. వరసగా పేర్చిన లోహపు పలకల్లా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది. దాని బదులు అదే పని చేసే సిలికాన్ బ్రిడ్జ్ పెట్టవచ్చు. అయితే బ్రిడ్జ్ తక్కువ మింగుతుంది కాబట్టి పట్టాలకు రెండు మూడు వోల్టులు ఎక్కువే చేరవచ్చు. పెట్టాక మళ్లీ కొలవండి. ఎక్కువైతే రివర్స్ స్విచ్‌కు (రైలు దిశ మార్చేది) ముందు కొన్ని డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగాలు) వరసగా వేయండి, ఒక్కోటి సుమారు 0.7 వోల్టు తగ్గిస్తుంది. సెలీనియం కాలితే ఘాటైన దుర్వాసన వస్తుంది. ఆ పొగ విషం. వెంటనే ప్లగ్ తీసి, కిటికీలు తెరిచి, గదిలోంచి బయటికి వచ్చేయండి.

సమస్య: ఒకచోట కుదుపు.

కుదుపు పట్టా మీద ఒకేచోట వస్తే అతుకు వదులైంది. రైలు ఎక్కడున్నా నాబ్ ఒకే స్థానంలో ఉన్నప్పుడు వస్తే తప్పు కంట్రోలర్ లోపలిది. నాబ్ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది. నేను విప్పిన కంట్రోలర్‌లో తక్కువ వేగం దగ్గర, ఎక్కువగా తిరిగే ఆ అంగుళం మేరా, తీగ మీద నల్లటి చార పడి ఉంది. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే రాగి రంగు బయటపడింది, కుదుపు పోయింది. గరుకు కాగితం వాడకండి, తీగ అరిగిపోతుంది.

సమస్య: ఇంజిన్ గుయ్యిమంటుంది, తాకితే వేడి.

చాలా పాత కంట్రోలర్లలో హాఫ్ వేవ్ స్విచ్, అంటే ఏసీ అలలో సగాన్నే పంపేది, ఉంటుంది. సెకనుకు 50 లేదా 60 తోపులుగా కరెంటు పంపుతుంది. ఇనుప ఆర్మేచర్ (లోపల తిరిగే భాగం) ఉన్న పాత మోటారును నెమ్మదిగా నడపడానికి అది ఎంతో మేలు. కోర్‌లెస్ మోటారుకు మాత్రం హాని, లోపల వేడిని పీల్చుకోవడానికి ఇనుమే ఉండదు. మోటారు వేగాన్ని గమనిస్తూ కరెంటును సర్దే ఫీడ్‌బ్యాక్ కంట్రోలర్లతోనూ ఇదే ఇబ్బంది. కోర్‌లెస్ ఇంజిన్‌కు, డిజిటల్ డీకోడర్ (ఆదేశాలు అందుకునే చిన్న చిప్) ఉన్న ఇంజిన్‌కు తోపులు లేని నున్నటి డీసీ ఇవ్వండి. మూడు పట్టాల ఏసీ రైళ్ల కంట్రోలర్‌ను డీసీ ఇంజిన్‌కు అసలు కలపకండి, చక్రం తిరగకుండానే మోటారు కాలిపోతుంది.

ఎన్, జెడ్ స్కేల్ (బాగా చిన్న సైజు రైళ్లు) వాళ్లకు ఒక మాట. పాత కంట్రోలర్లు లోడు తక్కువైతే 12 దాటి 18 దాకా కూడా ఇస్తాయి. జెడ్ ఇంజిన్‌కు 12 కూడా ఎక్కువే.

సమస్య: కంట్రోలరే వేడెక్కుతుంది, లేదా ముట్టుకుంటే జివ్వుమంటుంది.

అడుగున ఉన్న లేబుల్ చదవండి. 120 వోల్టులకు చేసినదాన్ని 230కి తగిలిస్తే కాలిపోతుంది. 60 హెర్ట్జ్‌దాన్ని 50 మీద నడిపితే, వోల్టేజీ సరిపోయినా, ఎక్కువ వేడెక్కుతుంది. తర్వాత ప్లగ్ తీసేసి మెయిన్స్ తీగను వేళ్లతో వంచి చూడండి. పైతొడుగు పొడిపొడిగా రాలినా, పగిలినా ఆ తీగ మార్చేదాకా ప్లగ్ పెట్టకూడదు. లోహపు పెట్టెకు ఎర్త్ లేకపోతే ఎలక్ట్రీషియన్ చేత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ఇన్సులేషన్ చూపించండి. అందులో తప్పిన కంట్రోలర్‌ను, ఎంత అపురూపమైనదైనా, అద్దాల బీరువాలో పెట్టుకోండి, పట్టాలకు కలపకండి.