పాత దారుల వెంట ట్రావెల్ వీడియో – 3వ పాఠం: ఓరెగాన్ ట్రైల్‌లో ఎక్కడ ఆగాలి, ఎప్పుడు తీయాలి

రెండో పాఠంలో మ్యాప్ మీద గీత గీశాం. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ పట్టణం నుంచి ఓరెగాన్ సిటీ దాకా, సుమారు 2,000 మైళ్లు. ఈ పాఠంలో ఆ గీతలో చాలా భాగం చెరిపేస్తాం.

1840ల్లో వలసదారులు రోజుకు 10 నుంచి 15 మైళ్లు చొప్పున, ఎడ్లబండ్ల పక్కన నడుస్తూ, నాలుగైదు నెలల్లో దాటిన దారి ఇది. కారులో నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. చిక్కంతా అక్కడే. రోజుకు 500 మైళ్లు తోలితే ఫుటేజీలో మిగిలేది విండ్‌షీల్డ్, గ్యాస్ స్టేషన్, హోటల్ గది. కాబట్టి వారం సెలవు ఉన్నవాళ్లకు నా సలహా: నెబ్రాస్కాలో ఒగలాలా దగ్గర మొదలుపెట్టి, వయోమింగ్‌లో సౌత్ పాస్ అనే కనుమ దగ్గర ఆపేయండి. సుమారు 500 మైళ్లు. డెన్వర్‌లో దిగి కారు అద్దెకు తీసుకుంటే మూడు, మూడున్నర గంటల్లో ఒగలాలా చేరతారు. కాన్సాస్ ముక్క, ఐడహోలో స్నేక్ నది వెంబడి ముక్క, ఓరెగాన్‌లో కొండలు దిగే బార్లో రోడ్డు మంచివే. కానీ అవి వేరే వీడియోలు.

ఈ ట్రైల్‌కు 1978లో జాతీయ చారిత్రక దారిగా గుర్తింపు వచ్చింది. నేషనల్ పార్క్ సర్వీస్ ఆటో టూర్ గైడ్‌లను ఉచితంగా పీడీఎఫ్ రూపంలో ఇస్తోంది. నెబ్రాస్కా, వయోమింగ్ భాగాలు దింపుకుని ఫోన్‌లో పెట్టుకోండి. వయోమింగ్‌లోని క్యాస్పర్ ఊరు దాటాక సిగ్నల్ ఉంటుందన్న భరోసా లేదు.

ముందు సూర్యుడి సంగతి

స్థలాల జాబితా కంటే ముందు దిక్కు చూడాలి. వలసదారులు పడమరకు నడిచారు. వాళ్లకు కనబడిన కొండలన్నీ తూర్పు ముఖాలే. ఆ ముఖాల మీద వెలుగు పడేది ఉదయం మాత్రమే. సాయంత్రం మీరు అదే రోడ్డు మీద పడమరకు వెళ్తుంటే సూర్యుడు నేరుగా లెన్స్‌లోకి కొడతాడు, కొండ నల్లటి నీడలా మిగులుతుంది. నెబ్రాస్కాలో పొగగొట్టంలా నిలబడ్డ చిమ్నీ రాక్ అనే రాతిని సాయంత్రం తీసి, ఇంటికెళ్లాక కలర్ సరిచేద్దామనుకుంటే కుదరదు. ఆ నీడ బొమ్మ ఎపిసోడ్ చివర్లో వాడుకోవడానికి బాగుంటుంది, పరిచయం షాట్‌కు మాత్రం పనికిరాదు.

జూన్‌లో ఆ ప్రాంతంలో ఐదున్నరలోపే తెల్లారుతుంది, పొద్దు గూకేసరికి రాత్రి ఎనిమిదిన్నర. నడినెత్తి మీద సూర్యుడు ఉన్న ఐదారు గంటలు బయట షూటింగ్ దండగ. వాటిని డ్రైవింగ్‌కు, మ్యూజియంలకు ఇచ్చేయండి. నెబ్రాస్కాలోని స్కాట్స్ బ్లఫ్ అనే కొండ దగ్గర మ్యూజియంలో విలియం హెన్రీ జాక్సన్ చిత్రాలు ఉన్నాయి. ఆయన 1866లో ఎడ్లబండ్లు తోలుకుంటూ ఈ దారిన వెళ్లినవాడు. మధ్యాహ్నం పూట అంతకంటే మంచి పని దొరకదు.

జూన్ అని ఎందుకన్నానంటే, గడ్డి పచ్చగా ఉంటుంది. ఆగస్టుకు ఎండిపోతుంది. వలసదారులు కూడా గడ్డిని చూసుకునే బయలుదేరేవారు. మరీ ముందు కదిలితే ఎడ్లకు మేత లేదు, ఆలస్యమైతే కొండల్లో మంచు. కాకపోతే జూన్ సాయంత్రాల్లో ఉరుములు, వడగళ్లు మామూలే. ప్రతి రోజుకూ ఒక ఇండోర్ ప్రత్యామ్నాయం రాసిపెట్టుకోండి.

చోట్లు

ఒగలాలా నుంచి అరగంటలో యాష్ హాలో. అక్కడ విండ్‌లాస్ హిల్ అనే నిటారు వాలులో బండ్లను చక్రాలు కట్టేసి, తాళ్లతో పట్టి దింపేవారు. పైనుంచి కిందికి నడుస్తూ ఒక షాట్ తీస్తే చాలు.

చిమ్నీ రాక్ దగ్గర రాతి మొదలు దాకా నడిచిపోదామని ప్లాన్ వేసుకోవద్దు. అక్కడ రాటిల్ స్నేక్‌లు ఉంటాయి. దూరం నుంచి తీయడమే న్యాయం కూడా. ఎందుకంటే అది వాళ్లకు రోజుల తరబడి దూరంగా కనబడుతూనే ఉండేది. రోడ్డు పక్కన సురక్షితంగా ఆగి, ఐదారు మైళ్ల దూరంలో ఒకటి, రెండు మైళ్ల దగ్గర ఒకటి, విజిటర్ సెంటర్ దగ్గర ఒకటి, ఒకే ఫోకల్ లెంగ్త్‌తో, అంటే జూమ్ మార్చకుండా, తీయండి. ఎడిటింగ్‌లో మూడూ వరసగా పెడితే నడక వేగం తెలుస్తుంది.

వయోమింగ్‌లో గర్న్‌జీ దగ్గర ఇసుకరాతిలో బండి గాడులు ఉన్నాయి. కొన్నిచోట్ల ఐదడుగుల లోతు. మధ్యాహ్నం తీస్తే చదునైన బండలా కనిపిస్తాయి. ఏటవాలు వెలుగు కావాలి, గాడిలో ఒక మనిషి నిలబడాలి. కొలత తెలియకపోతే ప్రేక్షకుడికి అది మామూలు రాయే. దగ్గర్లోనే రిజిస్టర్ క్లిఫ్ ఉంది, వలసదారులు పేర్లు చెక్కుకున్న కొండచరియ. క్యాస్పర్ దాటాక వచ్చే ఇండిపెండెన్స్ రాక్ అనే పెద్ద బండ మీదా పేర్లే. జులై 4 నాటికి అక్కడికి చేరితే ప్రయాణం సరైన వేళకు సాగుతున్నట్టు లెక్క. చెక్కిన అక్షరాలకూ పక్క వెలుగే కావాలి. మీ పేరు చెక్కారంటే మాత్రం కేసు ఖాయం.

ఫోర్ట్ లారమీకి ఒక పూట ఇవ్వండి. 1834లో వ్యాపార స్థావరంగా మొదలై, 1849లో సైన్యం చేతికి వచ్చిన కోట. ఇక్కడ మీ స్క్రిప్ట్‌కు ఒక పరీక్ష ఉంది. వలసదారుల సాహసం మాత్రమే చెబితే సగం కథే చెప్పినట్టు. ఈ నేల లకోటా, షయాన్, అరాపహో ప్రజలది. బండ్లు సురక్షితంగా పోవడానికి 1851లో వాళ్లతో ఒప్పందం కుదిరింది. మూడేళ్లకే, 1854లో, ఒక వలసదారుడి ఆవు విషయంలో తగాదా లేచి, లెఫ్టినెంట్ గ్రాటన్, అతని వెంట వెళ్లిన సైనికులు, లకోటా నాయకుడు కాంకరింగ్ బేర్ చనిపోయారు. ఒక ఆవు దగ్గర మొదలుపెట్టి దశాబ్దాల యుద్ధం దాకా చెప్పగలిగితే, ఆ పది నిమిషాలు ఎవరూ స్కిప్ చేయరు.

ఏమీ కనబడని చోటు

ఇప్పుడు అసలు పరీక్ష. సౌత్ పాస్. ఎత్తు సుమారు 7,400 అడుగులు. రాకీ పర్వతాలను బండ్లు దాటగలిగిన కనుమ ఇది. ఇది లేకపోతే ఈ దారే లేదు. తీరా వెళ్తే కనిపించేది సేజ్‌బ్రష్ పొదల మైదానం. లోయ లేదు, శిఖరం లేదు. కెమెరా అటూ ఇటూ తిప్పి నిరాశగా వచ్చేసేవాళ్లే ఎక్కువ.

ఇలాంటి చోట దృశ్యం చూపించాలని తాపత్రయపడొద్దు, నీటిని చూపించండి. కనుమకు తూర్పున స్వీట్‌వాటర్ నది. దాని నీళ్లు నార్త్ ప్లాట్ నదిలో కలిసి, చివరికి మిస్సిసిపీ గుండా గల్ఫ్ ఆఫ్ మెక్సికో చేరతాయి. పడమట కొద్ది దూరంలో పసిఫిక్ స్ప్రింగ్స్. ఆ నీళ్లు పసిఫిక్ వైపు. ఇండిపెండెన్స్ రాక్ దగ్గర ముందురోజే స్వీట్‌వాటర్‌ను తీసి ఉంచుకోండి. మధ్యలో మ్యాప్ యానిమేషన్ పది సెకన్లు. అప్పుడు ఆ బీడు నేల ఏమిటో అర్థమవుతుంది.

మనిషి కథ కావాలంటే ఎజ్రా మీకర్ ఉన్నాడు. 1852లో భార్య, పసిబిడ్డతో ఎడ్లబండి మీద ఓరెగాన్ వెళ్లాడు. 1906లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, జనం ఈ దారిని మరిచిపోతున్నారని మళ్లీ ఎడ్లబండి కట్టి, ఎదురు దిక్కున, గుర్తురాళ్లు పాతుకుంటూ వెళ్లాడు. ఆయన రాయి ఒకటి సౌత్ పాస్‌లో ఉంది. 1916లో కారులో, 1924లో విమానంలో ఇదే దారి చూశాడు. మన ట్రావెల్ వ్లాగర్లందరికీ తాతయ్య! 28వ నంబరు హైవే మీద ఆగి చూసే చోటు ఉంది. రాయి దగ్గరికైతే మట్టిరోడ్డే దిక్కు, వాన పడితే ఆ రోడ్డు జోలికి పోవద్దు.

అనుమతులు

స్కాట్స్ బ్లఫ్, ఫోర్ట్ లారమీ నేషనల్ పార్క్ సర్వీస్ కిందివి. అక్కడ డ్రోన్ నిషేధం. 2025 జనవరిలో వచ్చిన చట్టం ప్రకారం, ఎనిమిది మందికి మించని బృందం చేతితో పట్టుకునే పరికరాలతో, అందరూ తిరిగే చోట్ల తీసుకుంటే మామూలుగా పర్మిట్ అక్కర్లేదు, వీడియోకు డబ్బులొచ్చినా సరే. చిమ్నీ రాక్, గర్న్‌జీ గాడులు, ఇండిపెండెన్స్ రాక్ రాష్ట్రాల చేతిలో ఉన్నాయి, ముందుగా ఈమెయిల్ పెట్టి అడగండి. ట్రైల్‌లో చాలా భాగం ప్రైవేటు రాంచ్‌ల (పశువులు మేపే పెద్ద భూముల) మీదుగా పోతుంది, కంచె దాటొద్దు. సంపాదించే చానల్ కోసం డ్రోన్ ఎగరేస్తే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చే పార్ట్ 107 డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి.

తిండి గురించి ఒక మాట. శాకాహారులు రెస్టారెంట్ల మీద ఆశ పెట్టుకోకండి. చిన్న రైస్ కుక్కర్, పులిహోర పేస్టు, ఆవకాయ డిక్కీలో ఉంటే టెన్షన్ లేదు. క్యాస్పర్‌లో ట్యాంక్ నింపడం మాత్రం మరవద్దు.

ఇంటిపని

మీ ప్లాన్ షీట్‌లో ప్రతి చోటుకూ ఒక వరస రాయండి. కెమెరా ఏ దిక్కు చూస్తుంది, వెలుగు ఏ గంటకు, వాన వస్తే ఏం చేస్తారు, ఆ చోటు గురించి ఒకే ఒక వాక్యం. ఉదాహరణకు గర్న్‌జీ: గాడి పొడవునా, ఉదయం ఏడులోపు, వానైతే ఫోర్ట్ లారమీ మ్యూజియం, “రాయిని కోసింది చక్రాలే.” వాక్యం దొరకని చోటును జాబితాలోంచి కొట్టేయండి. రోజుకు రెండు చోట్లు మించకూడదు, ఒకటి ఉదయం, ఒకటి సాయంత్రం. వచ్చే పాఠంలో వయోమింగ్ గాలిలో మైక్ ఎలా కాపాడుకోవాలో చూద్దాం. ఈలోగా మైక్‌కు తొడిగే బొచ్చు కవర్ ఒకటి కొనిపెట్టుకోండి.