ఎస్పీ రోడ్డుకి ప్రాసెసర్ కొనడానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

బెంగళూరులో తక్కువలో డెస్క్‌టాప్ కట్టించాలంటే మనలో చాలామంది కంప్యూటర్ విడిభాగాల షాపులుండే ఎస్పీ రోడ్డుకే పోతాం. అక్కడ "ఐ7 సార్, చీప్‌గా ఇస్తా" అనగానే జేబులో చెయ్యి పెట్టకండి.

- ముందు ఏ తరమో అడగండి. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ ప్రాసెసర్లలో ఒకే తరంలో పోల్చుకోవడానికి పనికొచ్చే మెట్లు, అంతే. 2011 నాటి ఐ7-2600కీ, 2022లో వచ్చిన ఐ3-12100కీ 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరసలు), కానీ పనిలో ఈ చిన్నదే దాన్ని చిత్తుగా ఓడిస్తుంది. పైగా విండోస్ 11కి ఇంటెల్‌లో పాత తరాలు అధికారికంగా పనికిరావు, దాదాపు 8వ తరం నుంచే పనికొస్తాయి.

- నంబరు చివరి అక్షరం చూడండి. 12100ఎఫ్‌లో ఆ ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ (మానిటర్‌కి బొమ్మ పంపే భాగం) లేవని, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలని. నేను నాలుగు డబ్బులు మిగిలాయని సంబరపడి అదే తెచ్చి, రాత్రంతా కూర్చుని బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. కేబుల్ పీకి పెట్టి, ర్యామ్ తీసి తుడిచి, ఒకటే టెన్షన్... తప్పు నాదే, పెట్టె మీద రాసే ఉంది. ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీలో తీరు వేరు: రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ ఉండవు, 5600జీలో ఉంటాయి.

- సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), ర్యామ్ కలిపి చూడండి. ఏఎండీ సాకెట్లలో ఏఎం4కి డీడీఆర్4 రకం ర్యామ్, ఏఎం5కి డీడీఆర్5. ఇంటెల్ 12వ తరం వాడే ఎల్‌జీఏ1700 సాకెట్‌లో రెండు రకాల బోర్డులూ దొరుకుతాయి కాబట్టి బోర్డు ఖాయమయ్యాకే ర్యామ్ కొనండి.

- బోర్డు పాతదైతే కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టేలా బయోస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ షాపులోనే చేయించుకోండి.

- సెకండ్‌హ్యాండ్ ఏఎం4 చిప్‌కి పిన్నులు అడుగునే ఉంటాయి. ఫోన్ లైటు వేసి ఏటవాలుగా చూడండి, ఒక్క వరుస వంకరగా కనిపించినా అక్కడే వదిలేసి రండి.