డిగ్రీ మొదటి ఏడాదిలో సంభావ్యతను చదివే తీరు

సంభావ్యత లెక్క కనబడగానే సూత్రం కోసం వెతకవద్దు. ముందుగా ఏ ప్రయోగం జరుగుతోందో, దానికి ఏయే ఫలితాలు రావచ్చో మీ సొంత మాటల్లో రాసుకోండి.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో 10 కాయల రాశి ఉందనీ, పైకి ఒకేలా కనిపించే ఆ కాయల్లో 3 కుళ్లినవనీ అనుకుందాం. చూడకుండా ఒకదాని తర్వాత ఒకటిగా రెండు కాయలు తీస్తే మొదటిది మంచిదయ్యే సంభావ్యత 7/10. అది మంచిదని తేలాక మిగిలిన 9 కాయల్లో మంచివి 6 మాత్రమే కనుక రెండోదానికి 6/9 అవుతుంది. రెండూ మంచివయ్యే సంభావ్యత 7/10 × 6/9, అంటే 7/15. కనీసం ఒకటైనా కుళ్లినది కావడానికి 1 నుంచి దీన్ని తీసివేస్తే చాలు, 8/15 వస్తుంది. మొదటి కాయను తిరిగి రాశిలో వేసి కలిపితే రెండూ మంచివయ్యే సంభావ్యత 49/100 అవుతుంది, ఎందుకంటే అప్పుడు రెండు ఘటనలూ స్వతంత్రం, అంటే మొదటిదాని ఫలితం రెండోదాని సంభావ్యతను మార్చదు. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన వేసి చూడటం పది నిర్వచనాలు బట్టీపట్టడం కన్నా మేలని నా గట్టి నమ్మకం.

పరస్పర వివర్జిత ఘటనలను, అంటే రెండూ ఒకేసారి జరగలేని ఘటనలను, స్వతంత్ర ఘటనలుగా పొరబడకండి. ఒకే కాయ మంచిదీ కుళ్లినదీ కాలేదు. ఒకటి తెలిస్తే రెండోది తేలిపోతుంది కనుక అక్కడ స్వాతంత్ర్యమే లేదు.

ఆ తర్వాతే 1933లో రష్యన్ గణితవేత్త కోల్మొగొరోవ్ ప్రతిపాదించిన స్వీకృతాలకు (రుజువు లేకుండా ఒప్పుకునే మూల నియమాలకు) వెళ్లి, పైన వాడిన తీసివేత నియమాన్ని వాటి నుంచి మీరే రాబట్టండి.