కారు స్ట్రట్‌లు (చక్రాల దగ్గర స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి కుదుపుల్ని తగ్గించే భాగాలు) పోయాయని ఎలా తేల్చుకున్నానంటే

స్పీడ్ బ్రేకర్ దాటాక కారు ముందు భాగం రెండు మూడుసార్లు ఊగేది, బ్రేక్ వేస్తే ముక్కు కిందికి దిగిపోయేది. టైర్లలో గాలి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నీ చూపించాను, లాభం లేదు.

చివరికి స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి, చక్రం వెనక టార్చి వేసి చూశాను. ఎడమ స్ట్రట్ మీద ఆయిల్ కారి, దుమ్ము పట్టి, నల్లటి జిడ్డు పేరుకుంది. కుడిది పొడిగా ఉంది. ఎడమ టైరును చేత్తో నిమిరితే ఎత్తుపల్లాలు తగిలాయి. ముందు మూలలు ఒక్కొక్కటీ గట్టిగా నొక్కి వదిలితే కుడివైపు లేచి ఆగింది, ఎడమవైపు ఇంకో రెండుసార్లు ఊగింది. రెండు స్ట్రట్‌లూ జతగా, పై మౌంట్లతో (స్ట్రట్‌ను పైన కారు బాడీకి బిగించే భాగాలు) సహా మార్పించి, ఆ తర్వాతే మళ్లీ అలైన్‌మెంట్ చేయించాను. ఊగడం పోయింది.

అన్ని కార్లకీ ఇలాగే తేలుతుందని చెప్పలేను. నొక్కి చూస్తే బాగానే ఉన్నా లోపల అరిగి ఉండొచ్చు. కొద్దిపాటి తడికి టెన్షన్ అక్కర్లేదు, ఆయిల్ కిందిదాకా కారితే మాత్రం ఆలస్యం చేయకండి.